తెగాల్సిన పోగు

వేటపాలెంలో భావనారాయణ ఇంటి ముందుగదిలో ఒకచోట నేల మిగతా నేలలా ఉండదు. నాలుగడుగుల మేర సిమెంటు కొత్తగా, నున్నగా కనిపిస్తుంది. మూడేళ్ళ కిందటి దాకా అది మగ్గం గుంట. మోకాళ్ళు అరిగిపోయి, గుంటలోకి దిగితే పైకి లాగడానికి ఇద్దరు మనుషులు కావాల్సివచ్చినప్పుడు, ఆయనే పార పట్టి దాన్ని పూడ్చేశాడు. నలభై నాలుగేళ్ళు అందులో కాళ్ళు దించుకుని కూర్చున్న మనిషి, పూడ్చిన మర్నాటి నుంచి ఎక్కడా పది నిమిషాలు కుదురుగా కూర్చున్నది లేదు.

పేపరు తీస్తాడు, మొదటి పేజీ కాకుండానే మడిచేస్తాడు. వీధి చివరి దాకా వెళ్ళి, ఎందుకు వచ్చానా అనుకుని వెనక్కి వస్తాడు. ఎవరింట్లోనైనా కుర్చీ వేసి కూర్చోబెడితే, కింద పాదాలు మగ్గం తొక్కినట్టు ఒకదాని తర్వాత ఒకటి నేలను తొక్కుతూనే ఉంటాయి. ఏ చీర అంచునైనా పోగు వేలాడుతూ కనిపిస్తే, ఆ చీరలో ఉన్నది ఎవరని చూడడు, చెయ్యి ముందే వెళ్ళిపోతుంది. ఒక పెళ్ళిలో అట్లాగే ఎవరో పెద్దావిడ కొంగు పట్టుకోబోయి మాట పడ్డాడు కూడా.

"మోకాళ్ళు నెప్పులని మానేశావు గానీ ఇంతకంటే మగ్గమే నయం. అప్పుడు కనీసం ఒకచోట పడుండేవాడివి," అనేది భార్య వెంకటేశ్వరమ్మ. "మగ్గంలో నాడె ఆడినట్టు ఇంట్లో అటూ ఇటూ ఆడుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయయ్యా!"

నిరుడు మాఘమాసంలో ఒకరోజు మోపెడ్ వేసుకుని పర్చూరు వైపు వెళ్ళాడు. పనుండి కాదు, ఇంట్లో ఉండలేక. ఊరు దాటాక రోడ్డు పక్కనే పెద్ద మిరప కళ్ళం. ఆరెకరాల నేలను గట్టిగా చదును చేసి, సగం మేర కాయలు ఎండబోశారు. ఆ ఘాటుకు నాలుగు తుమ్ములు తుమ్మి బండి ఆపాడు. కళ్ళు తుడుచుకుని తల ఎత్తితే, పైన ఒక గద్ద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతోంది. దానికి కాస్త కింద తెల్లటిదేదో అదే చుట్టు తిరుగుతోంది. చప్పుడు లేదు. దాని రెక్క కదలదు. అయినా పైపైకి పోతోంది.

కళ్ళం ఖాళీగా ఉన్న వైపు ఒకమ్మాయి రిమోట్ మెడలో వేసుకుని నిలబడి ఉంది. పక్కన కళ్ళం కాపలా ఉండే అంకయ్య ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు.

"ఏంటమ్మా అది? మోటారు ఏదీ దానికి?" అన్నాడు భావనారాయణ.

"మోటారు ఉండదు బాబాయ్ గారూ. గ్లైడర్. ఎండకి నేల కాగి గాలి పైకి లేస్తుంది కదా, ఆ గాలి మీద ఎక్కుతుంది."

"మొదట పైకి ఎట్లా పోయింది మరి?"

"రబ్బరు తాడుతో గులేరు కొట్టినట్టు వదిలా. నిజానికి అట్లా కాదు, అదుగో, ఆ పసుపు విమానం ఉంది చూడండి, దానికి మోటారుంది. దాని వెనక తాడుతో గ్లైడర్‌ని కట్టి ఎత్తుకి లాక్కెళ్ళి వదిలెయ్యాలి. కానీ దానికి ఇద్దరు కావాలి. ముందుదాన్ని ఒకరు నడపాలి, వెనకదాన్ని ఒకరు. ఈ చుట్టుపక్కల ఆ రెండో మనిషే దొరకడం లేదు."

"నేనున్నాగా," అన్నాడు భావనారాయణ. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు.

ఆ అమ్మాయి పేరు బిందుమాధవి. పర్చూరు రైతుల బిడ్డ, ఇరవయ్యారేళ్ళు. మిర్చికీ పత్తికీ డ్రోన్‌తో మందు కొడుతుంది. చుట్టుపక్కల పల్లెల్లో ఆమెను డ్రోనమ్మాయి అంటారు. డ్రోన్ లైసెన్సు కోసం శిక్షణకు వెళ్ళినచోట ఈ చిన్న విమానాల పిచ్చి పట్టుకుంది. అరవై రెండేళ్ళ నేతగాణ్ణి ఎగాదిగా చూసి, "వారానికోసారి రాగలరా బాబాయ్ గారూ?" అని మాత్రం అడిగింది.

వారానికి మూడుసార్లు వెళ్ళాడు.

తన గ్లైడర్ తనే చేసుకున్నాడు. మూడు మీటర్ల రెక్క. బల్సా అనే తేలిక చెక్కను పక్కటెముకల్లా కోసి, అతికించి, పైన ప్లాస్టిక్ కాగితం అంటించమని బిందుమాధవి చెబితే, ఆయన ఇంట్లో మిగిలిపోయిన సన్నటి తెల్ల పట్టుగుడ్డ తెచ్చి పడుగు సాగదీసినట్టు సాగదీసి అంటించి, పైన పూత పూశాడు. వేలితో మీటితే రెక్క డప్పులా మోగింది. ఆ అమ్మాయి కూడా ఒకసారి మీటి చూసింది. "మీరు చేసినంత బాగా ఎగరెయ్యాలి మనం దీన్ని," అంది. ఆ మాటను మోపెడ్ మీద వేటపాలెం దాకా మోసుకొచ్చి భార్యకు మూడుసార్లు చెప్పాడు.

దించడం, తిప్పడం రబ్బరు తాడు మీదే ఏడాది నేర్చుకున్నాడు. ఈ వేసవిలో కాయలన్నీ టిక్కీ బస్తాలకెక్కి గుంటూరు మిర్చి యార్డుకు పోయాక, కళ్ళం మొత్తం ఖాళీ అయ్యాక, ఇక పసుపు విమానం వెనక కడదామంది బిందుమాధవి.

కట్టేముందు ఆయన్ని మట్టిలో కూర్చోబెట్టి పుల్లతో బొమ్మ గీసింది. "ముందు పోయేది నేను. ముప్పై మీటర్ల తాడు. వెనక మీరు. మీరు నాకంటే కాస్త, కాస్తంటే కాస్తే, పైన ఉండాలి. బాగా పైకి లేచారనుకోండి, నా తోక పైకి లేస్తుంది, నా ముక్కు నేలకి తిరుగుతుంది. అప్పుడిక నా చేతిలో ఏమీ ఉండదు. రెండోది, మలుపుల్లో తాడు సడలుతుంది. సడిలితే మీరేమీ చెయ్యొద్దు. రెక్కలు సమంగా పెట్టుకుని ఊరుకోండి. అదే బిగుసుకుంటుంది."

"సడిలితే ఊరుకోవాలా?"

"ఊరుకోవాలి."

భావనారాయణ పాదాలు మట్టిని తొక్కుతున్నాయి.

"మూడోది, తాడు రెండు వైపులా కొక్కేలకి ఉంటుంది, ఎవరి రిమోట్ మీద మీట వాళ్ళు నొక్కితే వాళ్ళ కొక్కెం విడుస్తుంది. మీ ముక్కు దగ్గర తాడుకీ కొక్కేనికీ మధ్య బలం తక్కువ దారం ఒకటి కట్టాలి. ఎవరైనా తప్పు చేస్తే అది తెగాలి. అయిదు కిలోలు మొయ్యాలి, ఏడు కిలోలకి తెగాలి. అది మీరే చేసుకురండి. దారం సంగతి మీకంటే ఎవరికి తెలుసు?"

నూలు పోగులు ఎనిమిది కలిపి పేనాడు. దూలానికి కట్టి, సంచిలో ఇసుక పోస్తూ, తూకం వేస్తూ చూశాడు. సరిగ్గా ఏడు కిలోలకు తెగింది. తెగినప్పుడల్లా మనసు కలుక్కుమనేది. తెగని దారం కోసం నలభై నాలుగేళ్ళు పడ్డ తంటా అంతా ఇంతా కాదు. తెగడానికని దారం చెయ్యడం ఇదే మొదలు.

మొదటిసారి లాగినప్పుడు, అంకయ్య రెక్క అంచు పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తి వదిలాడు. పసుపు విమానం లేచింది, వెనకే తెల్లటిది లేచింది. తాటిచెట్టంత ఎత్తులో తాడు కొంచెం వదులైంది. ఆ వదులు చూడగానే భావనారాయణ బొటనవేలు రిమోట్ మీది స్టిక్‌ను వెనక్కి లాగేసింది. ఆలోచన కాదది. మగ్గం మీద పోగు సడిలితే చెయ్యి ఎవర్నీ అడగదు. గ్లైడర్ ఎగదన్నింది, తాడు ఫట్‌మని బిగుసుకుంది, నూలు పోగు తెగింది. గ్లైడర్ బుద్ధిగా తిరిగొచ్చి కళ్ళంలో దిగింది.

"శభాష్! దారం దాని పని అది చేసింది," అంది బిందుమాధవి.

అంకయ్య మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేతగాడు పేనిన దారమే తెగిందా అయ్యోయ్! ఇక మా గొడ్ల పలుపులు మేమే పేనుకుంటాం బాబూ!"

"ఒరేయ్ అంకయ్యా, అది తెగడానికేరా," అన్నాడు భావనారాయణ. అన్నాడు గానీ చెవులు వేడెక్కాయి.

తర్వాతి ఆదివారం తెల్లారి లేచి, నూలు పోగుల మధ్య రెండు పట్టుపోగులు కలిపి పేనాడు. పైకి నూలులాగే కనిపించింది. దూలానికి కట్టి పన్నెండు కిలోల ఇసుక పోసినా చెక్కు చెదరలేదు. ఎవరినీ మోసం చెయ్యాలని అనుకోలేదు. పోగు తెగితే ఇంకొంచెం గట్టిది వెయ్యడం ఆయనకు తెలిసిన న్యాయం.

ఆరోజు ఎత్తు బాగానే వచ్చింది. పత్తికట్టె ఇంకా పీకని చేను మీదుగా పసుపు విమానం ఎడమకు మలుపు తిరిగింది. భావనారాయణ మలుపు లోపలి వైపుకు జారాడు. తాడు ఉయ్యాల తాడులా కిందికి వేలాడింది. బొటనవేలు మళ్ళీ లాగింది.

గ్లైడర్ నిటారుగా లేచింది. తాడు బిగిసింది. పట్టు తెగలేదు. పసుపు విమానం తోక పైకి లేచి, ముక్కు నేలకు తిరిగింది, మోటారు అరుస్తోంది.

"వదలండి! మీట నొక్కండి బాబాయ్! వదలండి!"

ఆయన కళ్ళకు బిగిసిన తాడు తప్ప ఇంకేమీ కనబడలేదు. మీట ఉన్న సంగతే గుర్తు రాలేదు. రెండు క్షణాలు చూసి బిందుమాధవి తన వైపు కొక్కెం విడిచింది. తాడు గ్లైడర్‌తో పోయింది. విమానం విడుదలైంది గానీ అప్పటికే నేల దగ్గరకు వచ్చేసింది. పత్తికట్టెలో పడ్డ చప్పుడు కళ్ళం దాకా వినిపించింది.

ఆమె, అంకయ్య అటు పరిగెత్తారు. భావనారాయణ ఎలాగో గ్లైడర్‌ను దించాడు. అది తాడును ఈడ్చుకుంటూ కళ్ళం చివర ఆగింది. దగ్గర ఎవరూ లేరు. వంగి, ఆ పోగు విప్పి జేబులో వేసుకున్నాడు. ఇంకో జేబులో నూలుది ఒకటి ఉంది. దాన్ని కట్టాడు. ఎంత తొందరగా కట్టాడంటే, తాను చేస్తున్నదేమిటో కట్టడం అయిపోయాకే తెలిసింది.

కాసేపటికి ఆమె విరిగిన ముక్కును చంకలో పెట్టుకుని వచ్చి, "తాడు చూపించండి," అంది. చూసింది. నూలు పోగును వేళ్ళ మధ్య నలిపింది. "ఇది తెగలేదంటే అంత బలం పడలేదన్నమాట. తెగుతుందిలే అని చూస్తూ కూర్చున్నా. నాదే ఆలస్యం," అంది మెల్లగా.

భావనారాయణ నోరు తెరిచాడు. "అమ్మా..." అన్నాడు.

"పర్లేదు బాబాయ్ గారూ. మీకింకా రెండోసారే. నాకు తెలియాలి."

ఆ వారం ఇంట్లో ఆయన నడిచిన నడకకు లెక్క లేదు. వేటపాలెం స్టేషను దాకా, అక్కణ్ణుంచి జీడిపప్పు షెడ్ల దాకా, మళ్ళీ ఇంటికి. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచేవాడు. పట్టుపోగు జేబులోనే ఉంది. తియ్యడు, పారెయ్యడు.

"ఏమైందో చెప్పి చావు," అంది వెంకటేశ్వరమ్మ బుధవారం. చెప్పాడు.

ఆమె చేతిలో చేట పక్కన పెట్టి, ఆయన మొహంలోకి చూసింది. "ఆ పిల్ల తన తప్పనుకుంటోందా?"

"అనుకుంటోంది."

"నువ్వు అనుకోనిస్తున్నావా?"

"చెబితే ఇక రానివ్వదే."

"రానివ్వకపోతే రానివ్వదు. ముందు వెళ్ళు."

గురువారం మధ్యాహ్నం ఎండలో బయల్దేరాడు. బిందుమాధవి వాళ్ళ వసారాలో చాప మీద పసుపు విమానం పొట్ట విప్పి ఉంది. కొక్కేన్ని కదిపే అగ్గిపెట్టెంత మోటారును విడిగా తీసి, రిమోట్ మీట నొక్కుతూ, ఫోనులో క్షణాలు చూస్తోంది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"రండి బాబాయ్ గారూ. మూడ్రోజుల్నించి ఇదే పని. ఇది బాగానే ఉంది. నా వేలే లేటు." నవ్వబోయి మానేసింది. "నిన్న బొప్పాయి తోటకి మందు కొట్టమని పిలిచారు, రానన్నా. పక్కన కూలీలు పనిచేస్తుంటారు. ఇదే చేత్తో కదా డ్రోన్ తిప్పేది. నా చెయ్యి మీద నాకే నమ్మకం పోతే ఎట్లా?"

భావనారాయణ కూర్చోలేదు. జేబులోంచి పోగు తీసి చాప మీద పెట్టాడు.

"ఇదమ్మా ఆరోజు కట్టింది. లోపల పట్టుంది. తెగదు. నువ్వు వచ్చేలోపల మార్చేశా."

ఆమె పోగు విడదీసి చూసింది. నూలు ఒక పక్కకు, పట్టు ఒక పక్కకు తీసింది. వసారా చివర పాదాలు తొక్కుతూ నిలబడ్డాడాయన.

"ఎందుకు మార్చారు?"

"తెగింది కదమ్మా. నేను పేనింది, నలుగురి ముందు తెగింది."

"తెగడానికే కదా పేనమంది!"

"తెలుసు."

"తెలిసి చేశారా?" గొంతు లేచింది. "విమానం పోతే పోయింది. మూడ్రోజులు నా వేలు నేనే విరగ్గొట్టుకోవాలన్నంత తిట్టుకున్నా. పని మానేసి కూర్చున్నా. మీరు చూస్తూ ఊరుకున్నారు!"

"ఊరుకోలేదమ్మా. ఊరుకోలేకే వచ్చా."

"ఆదివారం చెప్పాల్సిన మాట గురువారం చెబుతారా? మీరు వెళ్ళండి బాబాయ్ గారూ. నాకిప్పుడు మాట్లాడాలని లేదు."

"ఆ ముక్కు నన్ను బాగుచెయ్యనిస్తే..."

"నేనే చేసుకుంటా."

రెండు ఆదివారాలు గడిచాయి. ఆయన కళ్ళం వైపు వెళ్ళలేదు. గ్లైడర్ గోడకు ఆనించి ఉంది. దాని ముందు నుంచి రోజుకు ఎన్నిసార్లు నడిచాడో, ఎన్నిసార్లు ఫోను తీసి జేబులో పెట్టాడో. చెప్పేస్తే తేలికపడతాననుకున్నాడు. తేలిక కాలేదు. అడగాల్సింది ఇంకేదో ఉన్నట్టూ, అది అడిగే హక్కు లేనట్టూ అనిపించింది. బొప్పాయి తోటకు ఆ అమ్మాయి వెళ్ళిందని మాత్రం అంకయ్యకు ఫోను చేసి తెలుసుకున్నాడు. ఆరోజు ఒక పూట నిద్రపట్టింది.

మూడో శనివారం సాయంత్రం ఆమే ఫోను చేసింది. "రేపు పొద్దున ఏడున్నరకల్లా రండి. పోగు నేను కడతా. దాని మీద మీరు చెయ్యి వెయ్యడానికి లేదు. మళ్ళీ అట్లా లాగారంటే ఇక నా వెనక కట్టను. ఇది కోపంతో అంటున్నది కాదు. ముందే చెబుతున్నా." పెట్టేసింది.

ఆయన ఏడింటికే కళ్ళంలో ఉన్నాడు. సముద్రపు గాలి ఇంకా లేవలేదు. బిందుమాధవి పలకరింపుగా తల ఊపింది, అంతే. పసుపు విమానం ముక్కు కొత్త చెక్కతో, రంగు వెయ్యకుండా ఉంది. తాడు పరిచి, ఎనిమిది నూలు పోగులు తన చేత్తో కట్టింది. ముడి వంకరగా వచ్చింది. భావనారాయణ వేళ్ళు జిలపెట్టాయి. రెండు చేతులూ రిమోట్‌కు అదిమి పట్టుకున్నాడు.

"ఏం నేతగాడా, ఇవాళ మా మీద పడేస్తావా ఏంటి?" అన్నాడు అంకయ్య రెక్క పట్టుకుంటూ.

బిందుమాధవి మోటారు వేసింది.

తాడు నేల మీద నెమ్మదిగా బిగిసింది. అంకయ్య పరుగెత్తి వదిలాడు. రెండూ లేచాయి. కళ్ళం దాటాయి, పత్తికట్టె దాటాయి. పసుపు విమానం ఎడమకు తిరగడం మొదలుపెట్టింది. ఆయన వెనకే తిప్పాడు గానీ మళ్ళీ లోపలికి జారాడు. తాడు వదులైంది. మధ్యలో పొట్ట జారినట్టు కిందికి దిగింది.

బొటనవేలు కదలబోయింది. ఒళ్ళంతా ఆ వేలి దగ్గరకు వచ్చి నిలబడ్డట్టయింది. పాదాలు రెండూ దుమ్ము లేచేలా నేలను తొక్కుతున్నాయి.

"సడిలిందమ్మా!" అని అరిచాడు.

"చూశా. చూశా బాబాయ్. రెక్కలు సమంగా పెట్టండి. నేను లాగుతున్నా."

"ఇంకా వదులుగానే ఉంది!"

"ఉండనివ్వండి. నాకు చెబుతూ ఉండండి."

"ఇంకా... ఇంకా ఉంది... ఆ, లేస్తోంది. లేస్తోంది. సరిపోయింది."

తాడు ఎవరి చెయ్యీ పడకుండానే నిండుగా సాగింది. కుదుపు లేదు. ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. తర్వాతి మలుపులో ఒకసారి, ఆ తర్వాత ఇంకోసారి వదులైంది. రెండుసార్లూ అరిచాడు. రెండుసార్లూ ఆమె సమాధానం చెప్పింది. అంకయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, "చేలో ఎడ్లని అదిలించినట్టుందే మీ కేకలు," అన్నాడు.

"ఇక చాలు ఎత్తు. వదలండి బాబాయ్ గారూ."

మీట నొక్కాడు. పసుపు విమానం కుడికి వాలి కిందికి దిగిపోయింది. తెల్లటిది ఒక్కటే మిగిలింది. ముందు తాడు లేదు, లాగేవాళ్ళు లేరు.

"ఎటు తిప్పను?"

"మీ ఇష్టం."

ఆ మాటకు ఆయనకు భయం వేసింది. నలభై నాలుగేళ్ళు చీర వెడల్పులోనే ఆడిన చేతులవి. కుడికి తిప్పాడు, నచ్చలేదు, ఎడమకు తిప్పాడు. దున్నిన చేను మీద ఏదో ఒకచోట గ్లైడర్ కాస్త పైకి తేలినట్టనిపించి చుట్టు తిరగబోతే చెయ్యి తొందరపడింది, అది జారిపోయింది. మళ్ళీ వెతికాడు. దొరకలేదు. ఆరు నిమిషాలకు కళ్ళం వైపు దించుతూ దూరం తప్పి అంచున పత్తికట్టెలో దించాడు. కుడి రెక్క మీద జానెడు గుడ్డ చిరిగింది.

బిందుమాధవి చిరుగు చూసి, "ఇది అతకొచ్చు," అంది. పసుపు విమానంలో బ్యాటరీ మార్చడానికి కూర్చుంది. భావనారాయణ చిరిగినచోట టేపు అంటించి, లేచి, కళ్ళంలో ఆ చివరికి, ఈ చివరికి నడిచాడు. ఎండ ఎక్కుతోంది. ఇందాక తేలిన చోటు ఎక్కడా అని చేలకేసి చూశాడు. అక్కడ ఇప్పుడు గాలి లేస్తూ ఉంటుంది. ఇప్పుడే లేస్తూ ఉంటుంది. ఈలోపు చల్లారిపోతే?

"ఇంకోసారి లాగుతావా అమ్మా?" అన్నాడు, దూరం నుంచే.

ఆమె తలెత్తలేదు. బ్యాటరీ పట్టీ బిగిస్తూ, "నా చేతులు ఖాళీగా లేవు. పోగు మీరు కట్టండి," అంది.

ఆయన ఉన్నచోటే ఆగాడు. తర్వాత వచ్చి వంగి, నూలుండ తీసి, ఎనిమిది పోగులు తెంచి పేని కట్టాడు. కట్టాక పక్కకు జరగలేదు.

"వచ్చి చూడు," అన్నాడు.

బిందుమాధవి చేతులు తుడుచుకుని వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, పేనిన దాన్ని గోటితో విప్పి, పోగులు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తొందరపడలేదు. ఒకసారి లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"ఎనిమిది. అంతా నూలే," అంది. "అంకయ్య మామా, రెక్క పట్టు."